తాతగారి రివాల్వర్‌ను తుడవకండి, ముందు చదవండి

హైదరాబాద్ పాత కుటుంబాల్లో ఆస్తి పంపకాలు జరిగేటప్పుడు బీరువా అడుగునుంచో, ఇనప్పెట్టెలోంచో బట్టలో చుట్టిన రివాల్వర్ బయటపడటం మామూలే. నేను ఉద్యోగ జీవితమంతా అబిడ్స్‌లో లైసెన్సున్న ఒక ఆయుధాల దుకాణంలో గడిపాను. స్టాకు రిజిస్టర్లు రాయడంతో మొదలుపెట్టి, పాత సరుకు చూసి విలువ కట్టే పనిలో స్థిరపడ్డాను. రిటైరైనా తెలిసినవాళ్లు ఫోన్లు చేస్తూనే ఉంటారు. "ఎంతొస్తుంది?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ప్రతిసారీ సుత్తిని బొటనవేలితో లాగి కాల్చాల్సిన సింగిల్ యాక్షన్ రివాల్వర్ల విషయంలో మరీ ఎక్కువ.

వాటి విలువలో పెద్ద భాగం వాటి ఒంటిమీదే రాసి ఉంటుంది. తయారైన ఊరు, పేటెంటు తేదీలు, పరీక్ష ముద్రలు, నంబర్లు, ఫ్యాక్టరీలో వేసిన రంగు, ఇవన్నీ ఆ రాతే. ఎవరైనా దాన్ని రుద్ది చెరిపేస్తే విలువ మళ్లీ రాదు. అందుకే అందరికీ మొదట చెప్పేది ఒకటే. తుడవకండి, పాలిష్ పెట్టకండి, "కొత్తదానిలా చేసిస్తాం" అనేవాళ్ల చేతికి అసలివ్వకండి.

ముట్టుకునే ముందు

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు పోయాక ఆ ఆయుధం మీద హక్కు వారసులదే అయినా, ఇంట్లో ఉంచుకోవాలంటే వాళ్ల పేరిట లైసెన్సు ఉండాలి. అది వచ్చేదాకా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. సెక్షన్ 21 చెప్పేది ఇదే. జమ చేస్తే ఇక పోయినట్టేనని చాలామంది టెన్షన్ పడి నెలల తరబడి దాచేస్తారు. దాచడమే అసలు ప్రమాదం. గడువులోగా లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్నవాళ్లకు అమ్ముకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పెద్దాయన బతికుండగానే బదిలీ చేయాలనుకుంటే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, 2016 నిబంధనలు అందుకు వీలు కల్పిస్తున్నాయి. నగరంలో దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు వెళుతుంది. లైసెన్సు లేనివాళ్లు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి మాత్రం రాకండి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

"ఇది యాంటిక్ కదా, లైసెన్సు ఎందుకు?" అని అడుగుతారు. చట్టంలో అలాంటి మినహాయింపు ఉన్నమాట నిజం. కానీ అది బాగుచేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరాని పాత ఆయుధాలకే. పందొమ్మిదో శతాబ్దపు కోల్టులు, అంటే అమెరికా కోల్ట్ కంపెనీ రివాల్వర్లు, చాలావరకు ఈరోజుకీ పేలతాయి.

రెండో సంగతి ప్రాణానికి సంబంధించింది. పాత రివాల్వర్ ఏదైనా సరే, లోపల తూటా ఉందనే అనుకోవాలి. సింగిల్ యాక్షన్‌లో సిలిండర్, అంటే తూటాలుండే తిరిగే భాగం, పక్కకు తెరుచుకోదు. కుడివైపున చిన్న తలుపు ఉంటుంది, దాన్ని తెరిచి ఒక్కో గదిని తిప్పి చూడాలి. ఆ పని తెలిసిన డీలర్ చేతే చేయించండి. తూటాలు రాకముందటి క్యాప్ రివాల్వర్లయితే ఇంకా జాగ్రత్త. వాటి సిలిండర్‌లోకి మందు, గుండు ముందువైపు నుంచి కూరేవారు. ఎప్పుడో కూరిన నల్లమందు పొడిగా ఉంటే ఇప్పటికీ అంటుకుంటుంది.

సింగిల్ యాక్షనేనా?

సింగిల్ యాక్షన్ అంటే, ప్రతిసారీ హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టే సుత్తిలాంటి భాగాన్ని, బొటనవేలితో వెనక్కి లాగాలి. ట్రిగ్గర్ దాన్ని వదలడానికి మాత్రమే. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కితే చాలు, హ్యామర్ లేవడం, పడటం రెండూ అయిపోతాయి. తేడా తెలుసుకోవడానికి ట్రిగ్గర్ నొక్కి చూడనక్కర్లేదు, నొక్కకూడదు కూడా. లోపలి యంత్రపు పాత పళ్లు విరిగిపోతాయి. కంటితో చూస్తే చాలు. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు చిన్నగా ఉంటుంది, ట్రిగ్గర్ వెనక్కి జరిగి దాదాపు దాని వెనక అంచుకు ఆనుకుని ఉంటుంది. డబుల్ యాక్షన్‌లో గార్డు పెద్దది, ట్రిగ్గర్ ముందుకు ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే బ్రిటిష్ వెబ్లీలు, కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్లు డబుల్ యాక్షన్‌వే. వాటి లెక్క వేరు.

సింగిల్ యాక్షన్‌లో అందరూ వెతికేది కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. 1873లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మొదలై 1940 దాకా మొదటి తరం నడిచింది. నంబర్లు 3,57,859 దగ్గర ఆగాయి. 1956లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నంబరు చివర ఎస్‌ఏ అనే అక్షరాలు చేర్చారు, అది రెండో తరం. 1976 నుంచి వచ్చింది మూడో తరం. కాబట్టి నంబరులో ఎస్‌ఏ కనిపిస్తే అది 1956 తర్వాతదే. "నిజాం కాలం నాటిది" అని అమ్మజూపేవాడి మాట అక్కడితో తేలిపోతుంది.

మొదటి తరంలో నంబరును బట్టి ఏడాదిని అంచనా వేయవచ్చు. 1880లో దాదాపు 53,000 దగ్గర, 1900లో దాదాపు 1,92,000 దగ్గర నడుస్తోంది. ఆ 1,92,000 గుర్తుపెట్టుకోండి. అక్కడినుంచే కంపెనీ పొగరాని మందుకు హామీ ఇచ్చింది. అంతకుముందువి నల్లమందు కోసం చేసినవి. ఫ్రేమ్ ముందుభాగం చూసినా కొంత తెలుస్తుంది. సిలిండర్ ఇరుసును ముందునుంచి ఏటవాలుగా దిగిన స్క్రూ పట్టి ఉంచితే పాత పద్ధతి. అడ్డంగా, స్ప్రింగుతో నొక్కే బొడిపె ఉంటే 1890ల నుంచి వచ్చిన పద్ధతి.

చేతిలో 10 రెట్ల భూతద్దం, అంగుళాల స్కేలు, సన్నని టార్చి ఉంటే మిగతాది మీరే చదవగలరు. ఫ్రేమ్ ఎడమవైపు పేటెంటు తేదీలు ఉంటాయి. 1871 సెప్టెంబర్ 19, 1872 జూలై 2 రెండే ఉంటే తొలినాటిది. 1875 జనవరి 19 కూడా చేరితే ఆ తర్వాతది. ఖాళీ తూటాను బయటికి నెట్టే కడ్డీ తల గుండ్రంగా, మధ్యలో గుంటతో ఉంటే సుమారు 1882కు ముందుది. అర్ధచంద్రాకారంలో ఉంటే తర్వాతది. సీరియల్ నంబరు తొలినాటి వాటిలో ఫ్రేమ్ అడుగున, ట్రిగ్గర్ గార్డు మీద, పిడి అడుగున, మూడు చోట్లా ఉంటుంది. మూడూ ఒకటే కావాలి. ఒక్కటి తేడా ఉన్నా రెండు తుపాకుల భాగాలు కలిపారని అర్థం. అప్పుడు సేకరణ విలువ బాగా పడిపోతుంది.

బ్యారెల్ పొడవును మూతి నుంచి సిలిండర్ ముఖం దాకా కొలవాలి. మామూలుగా మూడు కొలతలు: 4¾, 5½, 7½ అంగుళాలు. పొడవు బ్యారెళ్ల మీద కంపెనీ చిరునామా ఒకే వరసలో, 4¾ మీద సాధారణంగా రెండు వరసల్లో ఉంటుంది. పొట్టి బ్యారెల్ మీద ఒకే వరస ఉండి, అది మధ్యకు కాకుండా మూతివైపు జరిగినట్టు కనిపిస్తే, ఎవరో కోసేశారని అనుమానించాలి. కోతపడ్డ బ్యారెల్ మీద మూతి దగ్గరి గురి బొడిపె కూడా మళ్లీ అతికించినట్టు తెలిసిపోతుంది.

పొడవాటి, వంపు తిరిగిన పిడి, వెడల్పైన హ్యామర్ ఉంటే అది బిస్లీ. ఇంగ్లండ్‌లోని బిస్లీ షూటింగ్ మైదానం పేరు పెట్టారు. 1894 నుంచి తయారైన ఈ రకం మొత్తం 44,000 పైచిలుకు. ఇండియాకు వచ్చిన దొరల్లో గురిపోటీల సరదా ఉన్నవాళ్లు ఇష్టపడి కొనేవారు.

లండన్ దారిలో వచ్చినవి

హైదరాబాద్‌లో దొరికే పాత కోల్టులు ఎక్కువగా అమెరికా నుంచి తిన్నగా వచ్చినవి కావు. కొన్ని సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పనిచేసిన ఆఫీసర్లు తెచ్చుకుని, వెళ్లేటప్పుడు ఇక్కడే అమ్మేసినవి. కొన్ని జాగీర్దార్లు, సంస్థానాలవాళ్లు వేటకోసం తెప్పించుకున్నవి. రెండూ లండన్ మీదుగా వచ్చాయి. అందుకే మన దగ్గర బ్యారెల్ మీద హార్ట్‌ఫర్డ్ చిరునామాతో పాటు '14 పాల్ మాల్, లండన్' అని డిపో చిరునామా ఉండే అవకాశం ఉంది. అది ఉంటే మెరుగైన వస్తువు చేతికొచ్చినట్టే. తూటా కొలత కూడా .45 కోల్ట్‌కు బదులు .450, .455, .476 లాంటి బ్రిటిష్ కొలత కావచ్చు.

బ్రిటన్‌లో అమ్మేముందు ప్రతి తుపాకీనీ పరీక్షించి ముద్ర వేయాలి. కిరీటం కింద జీపీ అని ఉంటే లండన్, కిరీటం కింద బీపీ ఉంటే బర్మింగ్‌హామ్. సిలిండర్ గదుల మధ్య, బ్యారెల్ మీద చిన్నగా ఉంటాయి. వాటిని మచ్చలనుకుని రుద్దించేసినవాళ్లను చూశాను. అమ్మిన దుకాణం పేరు చెక్కి ఉంటే ఇంకా మంచిది. కలకత్తా మాంటన్, కలకత్తా రోడ్డా, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, లండన్ ఆర్మీ అండ్ నేవీ, ఈ పేర్లలో ఏది కనిపించినా ఆ వస్తువు ఇండియాకు వచ్చిన దారి తెలుస్తుంది.

తూటాలకు ముందటి కాలానిది నేను ఎక్కువ ఇష్టపడే రకం, కోల్ట్ 1851 నేవీ. సామ్యూల్ కోల్ట్ 1853లో లండన్ పిమ్లికోలో ఫ్యాక్టరీ పెట్టి 1856 దాకా నడిపాడు. అక్కడ తయారైన వాటి బ్యారెల్ మీద 'కర్నల్ కోల్ట్, లండన్' అని చిరునామా ఉంటుంది. సిలిండర్ చుట్టూ ఓడల యుద్ధం చెక్కి ఉంటుంది. టెక్సస్, మెక్సికో నౌకలు కంపేచే దగ్గర తలపడిన దృశ్యం, 1843 మే 16 అన్న తేదీతో సహా. భూతద్దం పెట్టి సిలిండర్ మెల్లగా తిప్పుతూ ఆ తెరచాపలు ఎంతవరకు కనిపిస్తున్నాయో చూడండి. తాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తే వస్తువు అద్భుతంగా నిలిచినట్టు. ఓడలు మాసి మరకల్లా ఉంటే మామూలు. ఓడలే లేకుండా నున్నగా మెరుస్తుంటే సాన పట్టినట్టు. 1857 నాటికి ఇక్కడి ఇంగ్లీషు ఆఫీసర్ల నడుముకు ఇవి వేలాడేవి. అందుకే మన పాత ఇళ్లలో వీటికి చోటుంది.

నకళ్లు

బెల్జియంలోని లియేజ్‌లో కోల్టులకు నకళ్లు విపరీతంగా తయారయ్యాయి. కోలగా ఉన్న గీతలో ఈఎల్‌జీ అక్షరాలు, కింద నక్షత్రం ఉంటే బెల్జియంది. ఆ ముద్రమీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది. అవీ పాతవే, విలువ లేనివి కావు. కానీ కోల్ట్ ధర చెప్పకూడదు. ఇటలీ నకళ్లు ఇరవయ్యో శతాబ్దం రెండో సగానివి. ఉబెర్టి, పియెట్టా పేర్లు, 'మేడ్ ఇన్ ఇటలీ', 'బ్లాక్ పౌడర్ ఓన్లీ' అన్న మాటలు వెతకండి. చాలావాటి మీద తయారైన సంవత్సరాన్ని చిన్న పెట్టెలో అక్షరాలతో సూచిస్తారు. ఎవరైనా ఆ మాటల్ని అరగదీసి ఉంటే, చుట్టుపక్కల లోహం కంటే అక్కడ కొంచెం పల్లంగా ఉంటుంది. వేలిగోరు ఆనిస్తే తెలుస్తుంది.

అమెరికా సైన్యం కొన్న కోల్టులకు యూఎస్ అన్న ముద్ర, తనిఖీ అధికారి పొడి అక్షరాలు ఉంటాయి. ఆ ముద్రకు ధర ఎక్కువ, కాబట్టి దొంగముద్రలూ ఎక్కువే. ఇండియాలో యూఎస్ ముద్ర కనిపిస్తే నేను సంతోషించే ముందు అనుమానిస్తాను.

మెరుపు తెచ్చే నష్టం

బర్కత్‌పురా నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వాళ్ల మామగారి కోల్ట్‌ను మా దుకాణంలో జమ చేశారు. బిల్లు పుస్తకం తీస్తుంటే ఆవిడ సంతోషంగా అన్నారు: "పోయినేడు మా బావగారు ఒక వర్క్‌షాపులో ఇచ్చి బాగుచేయించారు సార్. చూడండి, ఎలా మెరుస్తోందో!"

నిజంగానే మెరుస్తోంది, మొత్తం ఒకే నలుపు. అదే తప్పు. ఫ్యాక్టరీలో కోల్ట్ బ్యారెల్‌కు, సిలిండర్‌కు నీలం వేసేవారు. ఫ్రేమ్‌కూ హ్యామర్‌కూ మాత్రం ఎముకల బొగ్గుతో కాల్చి గట్టిపరిచే పద్ధతి. దాంతో నీలం, గోధుమ, బూడిద రంగులు మబ్బుల్లా కలగలిసి వస్తాయి. వాడకంలో అవి మెల్లగా వెండి బూడిదరంగుకు తిరుగుతాయి. ఆ బూడిదరంగును ప్రేమించేవాళ్లే సేకర్తలు. ఇక్కడ హ్యామర్ పక్కలు కూడా బూటుపాలిష్ నలుపు.

భూతద్దం పెట్టాను. పేటెంటు తేదీలో 1871లోని ఏడు సగమే ఉంది. స్క్రూ రంధ్రాల అంచులు పదునుగా ఉండాల్సింది, మెరుగు పెట్టే బఫింగ్ చక్రం లాగేయడంతో చుట్టూ కుంగిపోయాయి. ఫ్రేమ్ మూలలు సబ్బుబిళ్లలా గుండ్రమయ్యాయి. పిడి విప్పి చూస్తే లోపలివైపు పెన్సిల్‌తో రాసిన సీరియల్ నంబరు చెక్కుచెదరకుండా ఉంది. మూడు చోట్లా నంబర్లు కలిశాయి. అంటే ఏడాది కిందటిదాకా అన్నీ అసలువే, ఒక్క భాగం కూడా మారలేదు.

"అలాగే ఉంచితే బాగుండేదా సార్?" అన్నారావిడ.

"ఉండేదమ్మా. ఇప్పుడు దీనికి వాడకం ధరే ఇస్తారు."

నాకు ఆ వర్క్‌షాపు మీద కోపం ఇప్పటికీ పోలేదు. శాసనం మీద సున్నం కొట్టినట్టు చేశారు. అయితే ఇలా ఎందుకు జరుగుతోందో కూడా తెలుసుకోవాలి. 1980ల మధ్య నుంచి మామూలు జనం విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం దాదాపు ఆగిపోయింది. అందుకే ఇక్కడి కొనుగోలుదార్లు విదేశీ సరుకును వాడుకోవడానికే కొంటారు, మెరుపుకు డబ్బిస్తారు. సేకర్తలు కొద్దిమందే. ఆ కొద్దిమంది మాత్రం పాత రంగు కోసమే చూస్తారు.

తడి, తుప్పు గురించి భయముంటే, మెత్తటి నూలుబట్టకు సన్నని తుపాకీ నూనె రెండు చుక్కలు చాలు. తోలు ఒరలో మాత్రం ఉంచకండి. తోలు తడిని పీల్చుకుంటుంది, అందులోని ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఒరను పారేయకండి, విడిగా దాచండి. దానికీ విలువుంది.

కాగితాలు

అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్‌ను 1881లో షెరీఫ్ ప్యాట్ గ్యారెట్ కాల్చిన కోల్ట్ 2021 ఆగస్టులో బోనమ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అదే మోడల్ మామూలు కోల్ట్‌కు ఆ ధరలో లేశమాత్రం కూడా రాదు. ఎవరి చేతిలో ఉందో రుజువు చేసే కాగితాలకు వచ్చిన డబ్బది.

మన ఇళ్లలో అలాంటి కాగితాలు నిజంగా ఉంటాయి, కానీ ఉర్దూలో ఉంటాయి. మనవళ్లకు చదవడం రాక చిత్తుకాగితాల్లో వేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నిజాం సర్కారు కాగితాల మీద తేదీ ఫస్లీలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1340 ఫస్లీ అంటే 1930-31. పాత లైసెన్సు పుస్తకం, లండన్ లేదా కలకత్తా బిల్లు, వేట ఫోటో, 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆయుధం జమ చేసి మళ్లీ తీసుకున్న రసీదు, ఏ కాగితంలోనైనా సీరియల్ నంబరు కనిపిస్తే అది బంగారమే. కుటుంబం పేరు సర్కారు దస్తావేజుల్లో వెతకాలంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో అడగండి. కోల్ట్ కంపెనీ ఆర్కైవ్స్‌కు నంబరు రాసి రుసుము కడితే, ఆ రివాల్వర్ ఏ తేదీన, ఏ కొలతతో, ఎవరికి పంపారో ఉత్తరం ఇస్తారు. లండన్ ఏజెన్సీకి పంపినట్టు ఉత్తరం వస్తే మీ ఇంట్లో చెప్పుకునే కథకు తొలి రుజువు దొరికినట్టే. ఫ్యాక్టరీ నుంచి 7½ అంగుళాలతో వెళ్లింది మీ చేతిలో 5½ ఉంటే, అదీ అందులోనే బయటపడుతుంది.

విలువ కట్టడం

అమెరికా పాత ఆయుధాల లెక్కలో అసలు రంగు 80 శాతానికి పైగా ఉండి అక్షరాలు పదునుగా ఉంటే ఎక్సలెంట్, 30 శాతం పైన ఫైన్, అంతకంటే తక్కువైతే వెరీ గుడ్. ఆ కింద భాగాలు మారినవి, తుప్పు తిన్నవి. ఈ గ్రేడు నిజాయితీగా వేసుకుంటే సగం పని అయినట్టే.

మిగతా సగం, దాన్ని ఇక్కడ ఎవరు కొనగలరన్నది. నెట్‌లో అమెరికా వేలం ధర చూసి రూపాయల్లోకి మార్చి ఆశ పెట్టుకోకండి. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదాన్ని అక్కడి ఫెడరల్ చట్టం యాంటిక్‌గా చూస్తుంది, సులువుగా చేతులు మారుతుంది. ఇక్కడ కొనేవాడికి లైసెన్సుండాలి, అందులో రెండో తుపాకీకి ఖాళీ ఉండాలి. .455 లాంటి పాత మిలిటరీ కొలతైతే ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన తూటా కొలత, అవునో కాదో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ లైసెన్సులు అందరికీ రావు. బయటికి పంపి అమ్ముదామంటే, నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధించింది. అందుకే నేను రెండు ధరలు రాసిస్తాను. ఒకటి, లైసెన్సున్న డీలర్ ఈరోజు ఇచ్చే వాడకం ధర. రెండోది, వారసుల మధ్య పంపకానికి లెక్కించే సేకరణ విలువ. అన్నదమ్ముల్లో ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు వాటా ఇచ్చేటప్పుడు రెండోదే న్యాయం.

నవాబుల వస్తువుల్లో దంతపు పిడి తరచుగా వస్తుంది. దంతంలో అడ్డకోతమీద సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి, ఎముకలో చిన్న నల్లచుక్కలు ఉంటాయి. దంతమైతే దానికి నేను ధర వేయను. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం అమ్మకం నిషేధం, ఉంచుకోవడానికీ యాజమాన్య ధ్రువపత్రం కావాలి. ఆ సంగతి పంపకాల కాగితంలో స్పష్టంగా రాయించండి.

జమ చేసేటప్పుడు 'పాత రివాల్వర్ ఒకటి' అని రసీదు ఇస్తే ఒప్పుకోకండి. తయారీదారు పేరు, సీరియల్ నంబరు, బోర్, బ్యారెల్ పొడవు, పిడి రకం, పైన కనిపించే దెబ్బలు అన్నీ రాయించి సంతకం, ముద్ర తీసుకోండి. రెండు పక్కలా ఫోటోలు తీసి ఆ రసీదుకు జతచేయండి. 'శుభ్రం చేయరాదు, రంగు వేయరాదు' అని కూడా అందులోనే రాయమని అడగండి.